పెదవి దించి చూడకు

మొన్న శుక్రవారం సాంబ్రాణి వేస్తుంటే, డబ్బా అడుగున ఎప్పటినుంచో పడి ఉన్న రెండు లవంగాలు కూడా పొడితో పాటు నిప్పుల మీద పడ్డాయి. పొగ లేచింది. లవంగం ఘాటు, చెట్టు బంక కాలిన వాసన కలిసి గదంతా నిండేసరికి నా నాలుక దానంతట అదే కింది పెదవికీ పళ్ళకీ మధ్యకు వెళ్ళి, ముందు పళ్ళ మొదట్లో ఉన్న దళసరి అంచును తడిమింది. డాక్టర్ వసుంధర గారు చిగుళ్ళ మీద వేసే పట్టీ అచ్చం ఈ వాసనే వేసేది. దేవుడి ముందు నిలబడి ఇంకొకరిని తలుచుకోవడం తప్పంటారు. ఆవిడను తలుచుకుంటే నాకు తప్పనిపించదు. హారతి కళ్ళకద్దుకుని, ఆవిడకీ ఒక నమస్కారం పెట్టుకున్నాను.

ఆవిడను ఎరగనివాళ్ళకు ఎలా చెప్పాలి? సన్నగా, పొడుగ్గా ఉండేవారు. నూలు చీర, పైన తెల్ల కోటు, చెవులకు చిన్న రాళ్ళ దుద్దులు. టాటానగర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన గార్డుగారి అమ్మాయి. కలకత్తాలో పళ్ళ వైద్యం చదువుకుని, అక్కడే ఉండిపోవచ్చు గానీ ఉండిపోకుండా, డెబ్బైల మధ్యలో తిరిగి వచ్చి ఊళ్ళోనే జుగ్సలాయి బజారులో ఒక గోదాము మీది మేడ గదుల్లో బోర్డు కట్టారు. కింద బెల్లం, మిరపకాయలు, పప్పుల బస్తాలు. మిరపకాయల లారీ వచ్చిన రోజు ఆవిడ కత్తి పట్టేవారు కాదు. కుర్చీలో పడుకున్న మనిషి తుమ్మితే తన చేయి ఎటు పోతుందో తెలియదని, కిందికి మనిషిని పంపి "ఈరోజు మిర్చీ ఉందా" అని కనుక్కున్నాకే పని మొదలుపెట్టేవారు. మార్వాడీలతో హిందీ, మా వాళ్ళతో మా మాట, బెంగాలీలతో వాళ్ళ మాట. ఎవరితో మాట్లాడినా గొంతు మాత్రం ఒకటే. అబద్ధం చెప్పడానికి కావలసిన మెత్తదనం ఆ గొంతులో లేదు.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా నాన్న మగ్గం పక్కన కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు, పురాణాలు చదవడం నేర్పాడు. మా అమ్మ నేర్పింది శుభ్రం. దేవుడి పేరు పలికే నోరు అద్దంలా ఉండాలనేది ఆవిడ. పెళ్ళై ఇదే ఊళ్ళో సిద్ధగోరా పేటకు వచ్చాక కూడా ఆ మాట జవదాటలేదు. మా ఆయన ఆదిత్యపూర్‌లో ఒక చిన్న కార్ఖానాలో ఫిట్టరు. ఇంట్లో బొగ్గుల పొయ్యి. ఊరంతా మసి, ఆరేసిన బట్టల మీద మసి, తులసి ఆకుల మీద మసి. ఆ మసి ఊళ్ళో నోరైనా శుభ్రంగా ఉంచుకోవాలన్న పట్టుదలతో, రోజూ చీకటితోనే లేచి, పొయ్యి బూడిద గుడ్డలో జల్లించి, ఉప్పు కలిపి, చూపుడువేలితో పళ్ళు తోమేదాన్ని. ఒక పాట మొదలుపెట్టి, అది మనసులో పూర్తయ్యేదాకా వేలు ఆపేదాన్ని కాదు. నాకు తెలిసిన భక్తిలో అది మొదటి మెట్టు.

మా అత్తగారు గౌరమ్మ. పాలకొండ దగ్గరి పల్లెలో పొలం పనులు చేసి, మామగారి వెంట ఇక్కడికి వచ్చిన మనిషి. చూపు చురుకు, నోరు ఇంకా చురుకు. ఒకరోజు నేను అన్నం వడ్డిస్తుంటే నా ముఖంలోకి తేరిపారా చూశారు.

"పూర్ణా, నీ ముందు పళ్ళు రోజురోజుకీ పొడుగైపోతన్నాయేటే? ఎలకపిల్లలాగ అయిపోతన్నావు."

పళ్ళు పొడుగవడం లేదు, చిగురు కిందికి జారిపోతోందని జుగ్సలాయి మేడ మీద తెలిసింది. డాక్టరమ్మగారు దీపం నా నోటి మీదికి వంచి చాలాసేపు చూసి అడిగారు.

"ఏటితో తోముతావు?"

"బూడిద, ఉప్పు అండి."

"ఎంతసేపు?"

"పాట అయ్యేదాకా అండి."

"పెద్ద పాటేనా?"

"పెద్దదేనండి."

ఆవిడ నవ్వు బయటికి వినిపించలేదు గానీ భుజాలు కదిలాయి. "పళ్ళు ఇత్తడి గిన్నెలు కావమ్మా. గిన్నె అరిగితే కంచరి ఉన్నాడు. ఈ చిగురు అరిగిపోయి కింద పలచటి చర్మం మిగిలింది. అదీ జారితే ఈ రెండు పళ్ళూ ఊగుతాయి. ఊగాక నేను చేసేదేమీ ఉండదు."

పక్కింటివాళ్ళు అప్పటికే, ఆ పళ్ళు పీకించేసి కట్టుడు పళ్ళు పెట్టించుకోమని సలహా ఇచ్చారు. నాకు అప్పుడు పాతికేళ్ళు కూడా లేవు. ముందు పళ్ళు పోతే దేవుడి దగ్గర పాడే పాట గాలిగా పోతుందన్నదే నా దిగులు. ఆవిడ ఇంకొక దారి చెప్పారు. పై అంగిలి నుంచి బొటనవేలి గోరంత ముక్క పలచగా తీసి, కింద చిగురు జారినచోట కుట్టడం.

"పడుతుందాండీ?" అన్నాను.

"పడితే పళ్ళు నిలుస్తాయి. పట్టకపోతే ఇప్పుడున్నదీ కాస్త తగ్గుతుంది. ఈ ఊళ్ళో నేను ఇంతవరకూ ఎవరికీ చెయ్యలేదు. కలకత్తాలో మా మాస్టారి పక్కన నిలబడి చేశాను. ఇంటికెళ్ళి ఆలోచించుకో."

ఆలోచించుకోవడానికి ఏమీ మిగల్లేదు. తన చేతకానిదాన్ని ముందే చెప్పిన మనిషి చేతిలో నోరు పెట్టడానికి నాకు భయం వేయలేదు.

ఆ రోజు మిర్చీ లారీ లేదు. మత్తు సూది వల్ల నొప్పి తెలియలేదు, లాగుతున్నట్టు మాత్రం తెలిసింది. అంగిలి నుంచి తీసిన ముక్క ఎప్పుడు కింద అతికిందో, దారం ఎన్నిసార్లు లోపలికీ బయటికీ తిరిగిందో చూడలేదు. గుర్తున్నది ఆ తర్వాతి పనే. కుట్లు అయిపోయాక తడిపిన గుడ్డ ముక్క మీద వేలు ఆనించి, అలాగే నిలబడిపోయారు. కింద బస్తాలు దించుతున్న హమాలీల కేకలు. ఆవిడ వేలు కదల్లేదు. నేను లోపల్లోపల నామం చెప్పుకుంటూ ఆవిడ ముఖం చూస్తున్నాను. ఎంతకీ వేలు తీయరే అనుకున్నాను. చివరికి ఆవిడే అన్నారు.

"ఇదే అసలు పని. కింద నెత్తురు గూడు కడితే ముక్క తేలిపోతుంది. తేలిందా, ఇక పట్టదు. కుట్టడం వరకే నాకు వచ్చు పూర్ణా. పట్టడం దాని పని. దాన్ని చేసుకోనివ్వాలి."

ఆ తర్వాత లవంగ నూనె వాసన వేసే గులాబీరంగు ముద్దను పళ్ళ మొదట్లో అద్ది కప్పేశారు. చెప్పవలసినవి చెప్పారు. కారం వద్దు, గట్టివి వద్దు. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి జారవిడవాలి, పుక్కిలించి ఊయకూడదు. మిగతా పళ్ళు మెత్తటి బ్రష్షుతో తోముకోవచ్చు, ఆ చోటికి మాత్రం తాను చెప్పేదాకా ఏదీ తగలకూడదు. మెట్లు దిగుతుంటే పైనుంచి మళ్ళీ పిలిచి చెప్పారు.

"పెదవి దించి చూడకు. అందరూ చూపించమంటారు. నీకూ చూసుకోవాలనిపిస్తుంది. చూడకు. లాగితే కుట్టు కదులుతుంది."

నా నోటి సంగతి సరే, ఇంట్లో నా చోటు సంగతి ఏమవుతుందో నేను ముందు ఆలోచించలేదు. మర్నాడు దేవుడి అరుగు వైపు వెళ్ళబోతే అత్తగారు చేయి అడ్డం పెట్టారు.

"సగం నోరు తోముకుని దీపం ముట్టుకుంటావేటి? పొయ్యి ముట్టుకుంటావేటి? మా ఇంటా వంటా లేదు. అలగ కూకో."

కూర్చున్నాను. గంజి ఆవిడే కాచి, చల్లార్చి, గ్లాసులో పోసి నా చేతికి ఇచ్చేవారు. కోపంగానే ఇచ్చేవారు, ఉప్పు మాత్రం సరిగ్గా వేసేవారు. ఊహ తెలిసినప్పటి నుంచి ఏ పూటా తప్పని దీపం నా చేతి నుంచి పోయింది. ఏ నోటి కోసం ఈ పాట్లు పడ్డానో ఆ నోరే నన్ను దేవుడికి దూరం చేసిందని రెండు మూడు రాత్రులు దిండు తడిపాను.

వారం దాటాక డాక్టరమ్మగారు ముద్ద తీసేసి, కుట్లు విప్పి, "ఇంకా ముట్టుకోవద్దు" అని పంపారు. ఆ తర్వాతనే అసలు పరీక్ష వచ్చింది. ఒక సాయంత్రం నేను ఆవులిస్తుంటే అత్తగారి కంట పడింది.

"ఏదీ, నోరు తెరు. అయ్యో నా తల్లి, కుళ్ళిపోయిందే. పాలమీద మీగడలాగ తెల్లగా తేలిపోయింది. మీదా అలాగే ఉంది, కిందా అలాగే ఉంది."

మా ఆయన ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. ఆవిడ పాత పంచె చింపి, వేలికి చుట్టి, పసుపూ ఉప్పూ ముంచి నా ముందు కూర్చున్నారు. "ఆ తెలుపంతా తుడిసేత్తాను. కళ్ళు మూసుకో. మా ఊళ్ళో ఎన్ని పుళ్ళు ఇలగ మాన్పినానో."

చెడు చేయాలని కాదు. ఆవిడ చేతి పసుపుతో మా ఇంట్లో ఎన్నో గాయాలు మానాయి. పైగా నాకూ భయంగానే ఉంది. నాలుక చివరకు ఆ చోటు జారుగా, నాది కానిదానిలా తగులుతోంది. అత్తగారి మాటకు ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు. కానీ ఆ క్షణాన, గుడ్డముక్క మీద కదలకుండా నిలబడ్డ ఆ వేలు కళ్ళముందుకు వచ్చింది. నోరు మూసుకున్నాను. ఆవిడ గడ్డం పట్టుకున్నారు. తల పక్కకు తిప్పుకున్నాను.

"నా సెయ్యి ఇసమేటే?" అన్నారు.

తల అడ్డంగా ఊపాను. కళ్ళనీళ్ళు కారాయి గానీ నోరు తెరవలేదు.

"నీ పళ్ళు, నీ ఇట్టం. ఊడి సేతిలో పడ్డాక నా కాడికి రాకు." లేచి వెళ్ళిపోయారు. వెళ్ళి, మర్నాడు పొద్దున్నే చీర మార్చుకుని గుమ్మంలో నిలబడ్డారు. "పద. ఆ డాట్రమ్మనే అడుగుతాను ఏటి సేసిందో."

రిక్షాలో జుగ్సలాయి దాకా మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆవిడ బొడ్డులో పసుపుగుడ్డ మడిచి దోపుకున్నారు. నేను ఒక్కటే అడుక్కుంటున్నాను, దేవుడా పట్టనీ, పట్టకపోతే ఆ డాక్టరమ్మగారి మీద ఈవిడ ఒక్క మాట కూడా విసరకుండా చూడు, అని.

డాక్టరమ్మగారు దీపం వంచారు. అంచులన్నీ చూశారు. తర్వాత "బావుంది" అన్నారు.

"బావుందేటి, సీము పట్టిపోతేను," అన్నారు అత్తగారు.

"చీము కాదు పిన్నీ. పై పొర రాలిపోతోంది. ఇలా రండి." అత్తగారిని భుజం పట్టుకుని దగ్గరికి లాక్కుని, ఒక అంచు మీద నీళ్ళు చిమ్మారు. "కింద ఏ రంగుంది?"

అత్తగారు కళ్ళు చిట్లించారు. "ఎర్రగుంది."

"కింది మాంసంలోంచి ఈ ముక్కలోకి నెత్తురు దారి చేసుకుంది. అందుకే ఎరుపు. పిన్నీ, మీ ఊళ్ళో ఊడుపులకి వెళ్ళేవారా?"

"ఎల్లకపోతే ఎవులెడతారు కూడు?"

"ఆకుమడిలోంచి నారు తీసి పొలంలో ఊడ్చిన మర్నాడు పచ్చగా ఉంటుందా?"

"ఎక్కడుంతాది? ఎర్రబడిపోద్ది. తలొంచేసి, సచ్చిపోనాదిరా అనిపిత్తాది. ఏరు దిగినాక లేత్తాది."

"వేరు దిగిందో లేదోనని పీకి చూస్తారా?"

"నాకేటి పిచ్చా," అని ఆగిపోయారు అత్తగారు. చేయి మెల్లగా బొడ్డులోని గుడ్డ మీదికి వెళ్ళి, దాన్ని ఇంకా లోపలికి తోసేసింది. డాక్టరమ్మగారు అది చూసి కూడా చూడనట్టే ఊరుకున్నారు. అందుకు ఆవిడ మీద నాకు ఈనాటికీ గౌరవం.

మా అత్తగారు ఊరుకునే మనిషి కాదు. "అయితే ఒక మాట సెప్పు తల్లీ. పళ్ళు తోమని మూతితో దీపం ఎట్టొచ్చా?"

"అది నాకు తెలీదు. నేను పూజలు చేసేదాన్ని కాదు. నాకు తెలిసింది చెప్తాను. పూటపూటకీ ఉప్పునీళ్ళతో కడుక్కుంటోంది. ఇవాళ నేను చూసిన నోళ్ళన్నిట్లో ఇదే శుభ్రం. మీ నోరు చూపించండి, దాని సంగతీ చెప్తాను."

మా అత్తగారికి అడ్డచుట్ట అలవాటు, నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని కాల్చేవారు. నోరు తెరిచారు. డాక్టరమ్మగారు అంగిలి చూసి, "మీ దాంట్లోంచి ముక్క తీస్తే చిగురుకి పనికిరాదు పిన్నీ, చెప్పుకి కుట్టుకోవచ్చు," అన్నారు. అత్తగారు నోరు తెరిచిన మనిషి తెరిచినట్టే నవ్వేశారు. డాక్టరమ్మగారు మాత్రం నవ్వుతూనే ఆ అంగిలి వేలితో తడిమి చూశారు. ఆ తర్వాత అక్కడ పుండేమైనా పడుతోందేమోనని ఏటా రెండు మూడుసార్లు కబురు పంపి మరీ పిలిపించుకుని చూసేవారు.

తిరుగు రిక్షాలో అత్తగారే మాట కలిపారు. "దీపం నేనెట్టెత్తాను. నువ్వు ఎదురుగా కూకో. నోరిప్పకు. లోపల్లోపల సదువుకో."

అలాగే జరిగింది. ఆవిడ వత్తి వంకరగా వేసేవారు, పాట చరణాలు తారుమారు చేసేవారు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. తోమడం, కడగడం, వెలిగించడం, వండి పెట్టడం, నా భక్తంతా అప్పటిదాకా చేతుల్లోనే ఉండేది. ఏ పనీ చేయకుండా దేవుడి ముందు కూర్చోవడం అదే మొదలు. నేను నిద్రపోతున్నా, మాట్లాడుతున్నా నా నోట్లో ఒక పని జరిగిపోతోంది. అడగకుండానే నెత్తురు దారి వెతుక్కుంటోంది, అంగిలి మీది పుండు అంచుల నుంచి మధ్యకు దగ్గరవుతోంది. ఇంత పని జరుగుతుంటే నా వంతు అడ్డం రాకుండా ఉండటమే. అది చిన్న వంతు అనిపించలేదు.

ఇక మా అత్తగారి కాపలా చూడాలి. నేను ఉప్పునీళ్ళు పోసుకుంటే పక్కన నిలబడి "వంచు, ఇటు వంచు, ఊయకు, ఊసినావంటే సంపేత్తాను" అనేవారు. వీధిలోవాళ్ళు అంగిలి కోసి చిగురుకు కుట్టారట, ఏదీ చూపించమని వస్తే గుమ్మంలోనే ఆపేసేవారు. "సూడ్డానికి ఇదేటి సర్కసేటి? ఊడ్చిన ఆకు పీకి సూత్తారా ఎవులైనా? ఎల్లండి ఎల్లండి."

డాక్టరమ్మగారు నా చేతికి అద్దం ఇచ్చిన రోజు వరకు నేను చూసుకోలేదు. ఎర్రదనం తగ్గి లేత గులాబీ రంగు వచ్చింది. చుట్టుపక్కల చిగురు కంటే కాస్త పాలిపోయి, కాస్త దళసరిగా, చీరకు వేసిన మాసికలా ఉంది. పళ్ళ వేళ్ళు కొంత ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. "అంతా కప్పుతుందని నేను చెప్పలేదు. జారడం ఆగింది. అది చాలు," అన్నారు. సన్నటి కొలబద్దతో కొలుచుకున్నారు. అప్పటినుంచి వెళ్ళినప్పుడల్లా కొలిచేవారు. కొన్ని నెలలు గడిచాక ఒకరోజు కొలిచి, మళ్ళీ కొలిచి, కొలబద్ద పక్కన పెట్టేసి నా ముఖంలోకి చూశారు.

"పూర్ణా, ఇది నేను కుట్టినచోట లేదు. పైకి పాకింది."

"పాకడమేంటండీ?"

"కొన్ని పాకుతాయి. మెల్లగా పంటి మీదికి ఎక్కుతాయి. ఎందుకు పాకుతాయో మా మాస్టారు కూడా సరిగ్గా చెప్పలేకపోయారు. నేను చూడటం ఇదే మొదలు." ఆవిడ ముఖంలో ఆ వెలుగు నాకు ఇంకా కనిపిస్తుంది. గెలిచిన మనిషి ముఖంలా లేదది. ప్రసాదం అందుకున్న మనిషి ముఖంలా ఉంది. పూజలు చేయనన్న మనిషి మరి.

ఆ వార్త విన్నాక మా అత్తగారు పూర్తిగా మారిపోయారు. గుమ్మంలో ఆపేసిన వాళ్ళనే ఇంటికి పిలిచి, "ఏదే, పెదవి దించు. సూడండి, పాకతంది. మా కోడలి సిగురు పాకతంది," అని చూపించేవారు. సిద్ధగోరాలో నా కింది పెదవి లోపల చూడని తెలుగు ఆడమనిషి లేదంటే అతిశయోక్తి కాదు.

ఆ ఏడాదే డాక్టరమ్మగారు నన్ను తన దగ్గర పనికి రమ్మన్నారు. బడి చదువు లేదండి అంటే, "చదువుకున్నవాళ్ళు దొరుకుతారు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం వచ్చినవాళ్ళు దొరకరు," అన్నారు. అత్తగారే నన్ను రిక్షా ఎక్కించారు. ఎనభైలంతా ఆ మేడ మీదే గడిచింది. పరికరాలు మరగబెట్టాను, దీపం పట్టుకున్నాను. కుట్లు వేయించుకున్న మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళకు మా మాటలో జాగ్రత్తలు చెప్పాను. అన్నీ పట్టలేదు. ఒక రైల్వే ఉద్యోగి భార్యకు వేసిన ముక్క నల్లబడి ఊడిపోయింది. ఆమె తన తప్పేమోనని వణికిపోతుంటే, డాక్టరమ్మగారు "నీ తప్పు లేదు. పట్టలేదు, అంతే. మానాక మళ్ళీ చేద్దాం," అని ఆమె చేయి పట్టుకుని చెప్పి, ఆమె వెళ్ళాక కిటికీ దగ్గర చాలాసేపు నిలబడిపోయారు. మళ్ళీ చేశారు, ఆ రెండోది పట్టింది. నేను ఆ దీపం పట్టుకున్నాననీ, తడిగుడ్డ అందించాననీ తలుచుకుంటే ఈ వయసులోనూ వెన్ను నిటారుగా అవుతుంది.

చూపు మందగించాక ఆవిడ పని మానేసి ఖరగ్‌పూర్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్ళారు. అక్కడే పోయారని ఆలస్యంగా తెలిసింది. మా అత్తగారు ఆవిడ కంటే ముందే వెళ్ళిపోయారు. ఎదిగే పిల్లల విషయంలో, మా ఆయన జబ్బుపడి కోలుకున్న రోజుల్లో, మాటలు తెగిన చుట్టాల విషయంలో, చేయవలసింది చేశాక చేయి తీసేసి ఊరుకోవడం నాకు చేతనైందంటే అది ఆ ఇద్దరి దయ.

ఈ మధ్య దవడ పన్ను నొప్పి చేస్తే మా వీధి చివర కొత్తగా పెట్టిన పళ్ళ ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు మన తెలుగు అబ్బాయే, తెలుగు అర్థమవుతుంది, మాట మాత్రం హిందీలోనే వస్తుంది. దవడ చూడవలసినవాడు కింది పెదవి దించి ఆగిపోయాడు. దీపం దగ్గరికి లాక్కున్నాడు. సన్నటి కొలబద్ద తీసి ఆనించాడు. పళ్ళ వేళ్ళు ఎక్కడా కనిపించడం లేదన్నాడు. ఎంత పాతదని అడిగాడు. నీ పుట్టుక కంటే పాతదన్నాను.

"కిస్‌నే కియా, ఆంటీ?"

అద్దం అడగాలనిపించలేదు. కుర్చీలో కాస్త సర్దుకుని కూర్చుని చెప్పాను.

"మా డాక్టరమ్మగారు చేశారు బాబూ. మా అత్తగారు కాపలా కాశారు. నేను ముట్టుకోలేదు."